రహదారి ఋణము

మన పూర్వులు సప్తసంతానములని యేడింటిని లెక్కించిరి: పుత్రుడు, తటాకము, దేవాలయము, వనము, అగ్రహారము, నిక్షేపము, కావ్యము. మనుజుడు గతించిన పిదప వాని పేరు నిలుపునవి యివియే యని వారి విశ్వాసము. ఇందు చెరువు కలదు, తోట కలదు, గుడి కలదు; త్రోవ మాత్రము లేదు. త్రోవప్రక్కల చెట్లు నాటించినవారిని, చలివేంద్రములు పెట్టించినవారిని, సత్రములు కట్టించినవారిని మనము పుణ్యాత్ములందుము. నడచు నేలనుగూర్చి పుణ్యము లెక్కించినవారు అరుదు. కారణ మూహింపవచ్చును. చెరువును ఒక్కడు త్రవ్వింపగలడు, ఒక్క యూరు అనుభవింపగలదు. త్రోవ ఒక్క యూరిది గాదు, ఒక్క కులముది గాదు, ఒక్క తరముది గాదు. ఎల్లరును నడచునది గనుక ఎవ్వరును తమదనుకొనరు. తమది యనుకొననిదానిని బాగుచేయుట మనుష్యునకు సహజముగా రాదు.

చెరువు విషయమున మనవారు ఈ చిక్కును బాగుగనే విప్పిరి. కట్టించినవాడు కీర్తికొరకే కట్టించెననుకొన్నను, దానిని ఏటేట కాపాడుటకు వారు కీర్తిని నమ్ముకొనలేదు. దశబంధమని కొంత భూమిని మాన్యముగా విడిచి, ఆ భూమి ననుభవించువాడు కట్ట గండిపడకుండ చూడవలెనని కట్టడి చేసిరి. తూము తెరచి మూయుటకు నీరటికాడుండెను. వానికి కళ్లములోనే కొలత ధాన్యము ముట్టుచుండెను. పంట పండినచో వాని పాలు వానికి రావలసినదే. ఒకరి దయాదాక్షిణ్యములతో పని లేదు. కడప మండలమున పోరుమామిళ్ల చెరువుకడ 1369వ సంవత్సరపు సంస్కృత శాసన మొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించి వేయించినది. మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములును, దానిని చెరచు ఆరు దోషములును అందు వరుసగా చెప్పబడినవి. ఆ యారింటిలో ఒకటి, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. నేల మంచిదే కావచ్చును, నీరు పుష్కలమే కావచ్చును. ఇరువురి పాలనలో నున్నది ఎవ్వరి పాలనలోను లేనిదే యని ఆ శాసనకర్త గ్రహించెను.

హైదరాబాదునకు పడమటనున్న హైటెక్ సిటీ ప్రాంతమున నిలిచి చూచువానికి ఈ దోషము కనులకు గట్టును. ఒక రోడ్డు నగరపాలక సంస్థది, దానిని కలియు రోడ్డు పారిశ్రామిక వసతుల సంస్థది, ఆ కొసనున్న జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వముది. క్రింద పారు మురుగు జలమండలిది, నేలలోని తీగలు పది కంపెనీలవి. మా పాఠశాల ముందరి వీధిని ఒక్క సంవత్సరములో మూడుసార్లు త్రవ్విరి. త్రవ్వినవారు మువ్వురును వేర్వేరు. పూడ్చినది మాత్రము వానకాలపు బురద యొక్కటే. ఒకరి నడిగినచో మరియొకరిని చూపుదురు. ఆ మరియొకరు అబద్ధమాడుటలేదు. నిజముగనే అది వారి సరిహద్దు గాదు.

అయితే నేను విచారింపదలచినది ఈ వీధిగతుకులను గాదు. వీనికంటె పెద్దదియు, వీనివలె తిట్టి యూరకుండరానిదియు నగు నొక సంగతిని. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించినపుడు మాదాపూరు చుట్టును బండరాళ్లును తుప్పలును ఉండెను. ఐదేండ్లలో, అనగా 2003లో, సైబరాబాదను పేర పోలీసు కమీషనరేటే వెలసినది. పెరుగుచున్న నగరము తన బరువును తానే మోయలేకున్నపుడు, దానిని చుట్టివచ్చు బాహ్యవలయ రహదారిని నిర్మింపబూనిరి; జనులు దీనిని ఔటరు రింగు రోడ్డందురు. గచ్చిబౌలినుండి శంషాబాదునకు పోవు మొదటి భాగము 2008లో తెరచిరి. వలయము పూర్తియగుసరికి 2018 వచ్చినది. నూట ఏబదియెనిమిది కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. వ్యయములో కొంత జపాను దేశపు సంస్థ యిచ్చిన అప్పు. నార్సింగి, కొల్లూరు, కండ్లకోయ, ఘట్‌కేసరు, పెద్ద అంబరుపేట, తుక్కుగూడ మున్నగు నెన్నో గ్రామముల పొలములు దీని క్రిందికి వచ్చినవి. ద్విచక్రవాహనములకు దీనిమీద ప్రవేశము లేదు. పొలమిచ్చిన యూరివాడు మోటారుసైకిలు మీద ప్రక్కదారినే పోవలెను.

ఈ రహదారిని 2023వ సంవత్సరమున ప్రభుత్వము ఐ.ఆర్.బి. అను సంస్థకు ముప్పది సంవత్సరములకు గుత్తకిచ్చినది. గుత్త మొత్తము 7,380 కోట్ల రూపాయలు. అంతయు నొక్కసారిగా పుచ్చుకొన్నారు. నాటినుండి 2053 వరకు సుంకము వసూలు చేసికొనుట ఆ సంస్థ హక్కు, రోడ్డును మరమ్మతు చేయుట ఆ సంస్థ విధి. తరువాత ప్రభుత్వము మారినది. ఈ గుత్తపై దర్యాప్తు జరిపింతుమని 2024లో క్రొత్తవారు ప్రకటించిరి. టెండరు సక్రమమా యక్రమమా యనుట దర్యాప్తు చేయువారి పని. నేనడుగు ప్రశ్న వేరు. అంతయు సక్రమముగనే జరిగినదనుకొందము, ధరయు తగినదే యనుకొందము. అప్పుడైనను, ముప్పదేండ్లు వచ్చు రాబడిని నేటివారు ఒక్కనాడు పుచ్చుకొని ఖర్చుపెట్టుకొనుటకు ధర్మముగా అధికారము కలదా?

మొదట లెక్కను సరిచూతము. లెక్క తప్పినచోట ధర్మవిచారము నిలువదు. గుత్తను నిందించువారు కొందరు 7,380ని ముప్పదిచేత భాగించి, ఏటికి 246 కోట్లే గదా, ఇంత చౌకగానా యని కేకలు వేసిరి. తొమ్మిదవ తరగతి పిల్లలకు నేనీ లెక్క ఇచ్చితిని. వారును అట్లే భాగించిరి. చక్రవడ్డీ పాఠము జ్ఞాపకము చేసినపిదప మరల చేసిరి. నేడు చేతికి వచ్చు రూపాయియు 2053లో వచ్చు రూపాయియు నొక్కటి గావు. నూటికెనిమిది వడ్డీచొప్పున లెక్కించినచో, నేడు 7,380 కోట్లు పుచ్చుకొనుట ఏటేట సుమారు 655 కోట్లు ముప్పదేండ్లు పుచ్చుకొనుటకు సమానము. కాబట్టి చౌక యనువారి లెక్క లెక్కగాదు. గుత్తను మెచ్చువారు ఇచ్చటనే యాగిపోవుదురు. నా తరగతిలో వెనుక బల్లమీది పిల్లవాడొకడు మాత్రము ఆగక, "సార్, ఆ పైసలు ఇప్పుడు యాడున్నయి?" అని యడిగెను.

ప్రశ్న అంతయు నదియే. ఆ సొమ్ము వడ్డీ తెచ్చుచు ఎచ్చటనైన నున్నచో, లేక మరియొక రోడ్డుగానో రైలుగానో కాలువగానో మారియున్నచో, భావితరమువారి సొత్తు రూపము మారినదే గాని తరుగలేదు. సర్కారు బొక్కసములో కలిసి ఆ యేటి జీతములకును పథకములకును వ్యయమైపోయినచో, వారికి మిగులునది సుంకము చెల్లించు భారమొక్కటే. రోడ్డు చెడిపోవునని నేననుటలేదు. గుత్తేదారు దానిని బాగుగనే యుంచవచ్చును. కాని 2040లో ఆ దారికి మరి రెండు వరుసలు కావలసివచ్చిననో, దాని నంటుకొనియున్న పల్లెరోడ్లు పొడిపొడియైననో, నాటివారు ఏ రాబడిని చూపి అప్పు తెత్తురు? ఆ రాబడి పదునేడేండ్లనాడే భోజనమైపోయినది.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. అప్పుచేసి రోడ్డు వేయుట పాపము గాదు. జపాను అప్పు రేపటివారును తీర్తురు; కాని రేపటివారును ఆ రోడ్డుమీద పోవుదురు. అనుభవించువాడు కొంత భారము మోయుట న్యాయమే. వేసిన రోడ్డును కుదువబెట్టి తిండికి వాడుకొనుట వేరు. తండ్రి అప్పుచేసి బావి త్రవ్వించినచో కొడుకు ఆ నీళ్లు త్రాగుచు అప్పు తీర్చును, తండ్రిని దీవించును. బావినీళ్లను ముప్పదేండ్లకు పొరుగువానికి అమ్మి ఆ సొమ్ముతో పండుగ చేసినచో ఆ కొడుకు ఏమనును?

"పండుగ కాదు, ఆకలి" యని కొందరు బదులు చెప్పుదురు. వారి మాటను తేలికగా తీసివేయరాదు. రైతు అప్పులలో మునిగియున్నప్పుడు, ఆసుపత్రిలో మందులేనప్పుడు, ముప్పదేండ్ల తరువాతి కారుప్రయాణములను గూర్చి ఆలోచించుట ధనికుల విలాసము గాదా యని వారి యాక్షేపము. కరవు వచ్చినయేడు రైతు విత్తనపు గింజలనే దంచుకొని తినును. ఎవ్వరును తప్పుపట్టరు. కాని ఆ రైతు అవి విత్తనములని యెరిగియే తినును. మరుసటి తొలకరికి ఎవ్వరి గాదెనుండి బదులు తేవలెనో ఆలోచించుచునే తినును. కరవు లేనియేట విత్తనములు తినువానిని పల్లెలో ఏమందురో చదువరులకు చెప్పనక్కరలేదు. నేటి పేదకు నేడు కలవాడు పెట్టవలెను, దానికే పన్నులున్నవి. పన్నువేసినచో నేటివాడు కేక వేయును, వోటు వేయడు. ఇంకను పుట్టనివాడు కేక వేయడు. ఈ సౌకర్యము చూచుకొని పుట్టనివాని జేబులో చేయిపెట్టుటను దానమని పిలువరాదు.

రోడ్డు చెడు విధము తెలిసినచో ఈ విషయము మరింత స్పష్టమగును. తారురోడ్డునకు మొదటి శత్రువు బండి గాదు, నీరు. ఎండకు పైపొర బిగిసి సన్నని నెర్రెలు బారును. తొలకరి నీరు ఆ నెర్రెలలో దిగి, కంకరపొరను, దాని క్రింది మట్టిని మెత్తపరచును. మెత్తనిచోట లారీ చక్రము పడినపుడు పొర క్రుంగును. క్రుంగినచోట మరల నీరు నిలుచును. ఒక ఋతువులో నెర్రె గుంత యగును. నెర్రెగా నున్నప్పుడు కాచిన తారు పోసి మూసినచో చాలును. ప్రక్కకాలువలో పూడిక తీసినచో అదియు తరుచుగా అవసరముండదు. గుంతలు పడినపిదప పొరలన్నియు పెరికి క్రొత్తరోడ్డే వేయవలసివచ్చును. ప్రపంచ బ్యాంకువారు 1988లో ప్రకటించిన గ్రంథమొకదానిలో ఎనుబదియైదు దేశముల రోడ్ల లెక్క కలదు. వెనుకటి యిరువదేండ్లలో ఆ దేశములు 4,500 కోట్ల డాలర్ల విలువగల రోడ్లను పోగొట్టుకొన్నవట. సకాలమున 1,200 కోట్ల డాలర్లకంటె తక్కువ సొమ్ముతో మరమ్మతు చేసియున్నచో అవి నిలిచియుండెడివట. మన దేశమున 2022లో గుంతలవలన కలిగిన ప్రమాదములలో 1,856 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు నివేదిక చెప్పినది.

బండికంటె బండికి గల భేదమునుగూడ చెప్పవలెను. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున 1958 మొదలు 1960 వరకు ఒక రోడ్డు వేసి, దానిమీద రాత్రింబగళ్లు లారీలు నడిపి చూచిరి. ఇరుసుమీది బరువు రెట్టింపైనచో రోడ్డునకు కలుగు హాని రెట్టింపు గాదు, ఇంచుమించు పదునారు రెట్లని తేలినది. మనదేశమున 2018లో ఒంటి యిరుసు లారీబరువును 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచిరి. చూచుటకు ఎనిమిదవవంతు పెరుగుదల. పైలెక్క ప్రకారము రోడ్డున కది ఒకటిన్నరరెట్లకు పైబడిన అరుగుదల. ఒక్క కలపుగీతతో జరిగిన యీ మార్పునకు సరిపడ మరమ్మతుసొమ్మును ఏ పద్దున పెంచిరో వెదకవలసినదే. అట్లని అరుగుదలయంతయు లారీవానిమీద మోపుదమన్నచో, ఆ లారీలో నున్నవి మన బియ్యము, మన ఉప్పు, మన యిటుకలు. లారీ సుంకము చివరకు అన్నము ధరలో తేలును. శాస్త్రజ్ఞుని సూత్రమును అట్లే తెచ్చి న్యాయమని చెప్పుట నాకు సమ్మతము గాదు.

నెర్రె యెవ్వరికంటను పడదు. రోడ్డు బాగున్నదనిపించు కాలమే దానికి మరమ్మతు చేయవలసిన కాలము. అందుచేతనే మరమ్మతునకు ప్రతిష్ఠ లేదు. శంకుస్థాపనకు శిలాఫలకము, ప్రారంభోత్సవమునకు రిబ్బను, రెంటికిని దండలు. కాలువలో పూడిక తీసినందుకు మంత్రిగారు వచ్చి దీపము వెలిగించుట నేను చూడలేదు. 2019 నవంబరు 4న గచ్చిబౌలి సమీపమున బయోడైవర్సిటీ కూడలి పైవంతెన నొకదానిని ప్రారంభించిరి. పందొమ్మిది దినములు తిరుగకముందే, అదే నెల 23న, వంపున మితిమీరిన వేగముతో వచ్చిన కారొకటి వంతెనమీదినుండి క్రిందపడి, క్రింద నిలిచియున్న స్త్రీ నొకతెను చంపినది. వెంటనే వంతెన మూసిరి. వేగమును అడ్డు యేర్పాట్లు చేసి 2020 జనవరిలో తెరచిరి. దోషము కారు నడిపినవానిదే కావచ్చును. కాని జనవరిలో చేయగలిగిన యేర్పాట్లను నవంబరు 4నకు ముందే చేయుట కడ్డేమి? దండలు వాడకముందే అందరును వెడలిపోయిరి. వంతెనను కనిపెట్టుకొని యుండువాడు ఒక్కడును మిగులలేదు.

పూర్వాచారములను నిందించుట సంస్కర్తలకు అలవాటు. ఒక ఆచారమును మాత్రము మెచ్చుకొనుటకు సెలవిండు. తిరుమలలో పండ్రెండేండ్ల కొకమారు బాలాలయ మహాసంప్రోక్షణము జరుగును. 2018 ఆగస్టులో జరిగినది. మూలమూర్తి శక్తిని తాత్కాలికముగా బాలాలయమునకు ఆవాహనము చేసి, గర్భాలయమున చేయవలసిన మరమ్మతులు చేసి, అష్టబంధనము సరిచేసి, మరల ప్రతిష్ఠింతురు. మంత్రములను తీసివేసి చూచినచో ఇది మరమ్మతు. దానికొక తిథి కలదు, విధి కలదు, గౌరవము కలదు. గుడి చెడినదా లేదా యని ఎవ్వరు నడుగరు. పండ్రెండవయేడు వచ్చినదా యనియే యడుగుదురు. మన యిండ్లలో సంక్రాంతికి వెల్లవేయుటయు, పూరియింటికి తొలకరికిముందు కప్పు మార్చుటయు నిట్టివే. రోడ్డునకు ఇట్టి పంచాంగమును మనము వ్రాసికొనలేదు. హైదరాబాదు నగరపాలక సంస్థవారు 2019–20లో 709 కిలోమీటర్ల ప్రధానవీధులను ఐదేండ్లపాటు కాపాడుటకు సుమారు 1,800 కోట్ల రూపాయలకు కొన్ని సంస్థల కప్పగించినపుడు ఆ దిక్కున ఒక అడుగు వేసిరనవచ్చును. గుంత పడినపిదప పూడ్చినందుకు గాక, గుంత పడకుండ చూచినందుకు సొమ్మిచ్చు పద్ధతి యది. ఆచరణలో లోపములు లేకపోలేదు. అట్లయినను నీరటికాని పద్ధతికి దగ్గర.

ఇక రోడ్డును పోషింపవలసినవా రెవ్వరు? దానిమీద పోవువారే యని అందరు చెప్పుదురు. నేను అంతతో తృప్తిపడలేను. 2023 ఆగస్టులో, వలయ రహదారి ప్రక్కనే కోకాపేటలో, ప్రభుత్వభూమి వేలము జరిగినది. సుమారు నలువదియైదెకరములకు 3,319 కోట్ల రూపాయలు వచ్చినవి. ఒక చోట ఎకరము నూరుకోట్లు దాటినది. నూట ఏబదియెనిమిది కిలోమీటర్ల రహదారి ముప్పదేండ్ల గుత్తకు 7,380 కోట్లు. దాని యొడ్డున నలువదియైదెకరముల రాతినేలకు అందులో సగమునకు కొంచెము తక్కువ. ఆ నేలలో బంగారపు గనులు లేవు. రోడ్డు వచ్చుటచేతను, రోడ్డువెంట సాఫ్టువేరు కచేరీలు వచ్చుటచేతను దానికి ఆ ధర వచ్చినది. అట్లు రోడ్డు యిచ్చిన విలువ సర్కారు నేలకు మాత్రమే వచ్చినదా? దాని ప్రక్కనున్న ప్రతి ప్రైవేటు ఎకరమునకును వచ్చినది. దారిన పోవువాడు గేటువద్ద ఆగి ప్రయాణమునకొకమారు చెల్లించుచున్నాడు. దారిప్రక్క నేలగలవాడు కదలక కూర్చుండియే ధనికుడగుచున్నాడు. ఫలము ఎక్కువగా ననుభవించువాడు పోషణలో ఎక్కువ పాలు పంచుకొనుట న్యాయము. దశబంధపు నియమము సరిగా నిదియే: చెరువు క్రింది నేలయే చెరువును పోషించుచుండెను. పెరిగిన నేలవిలువలో ఏటేట నొక చిన్నపాలు ఆ ప్రాంతపు రోడ్లకే చెందవలెనని నియమించినచో, సుంకమును ముప్పదేండ్లకు అమ్ముకొనవలసిన యవసరమే కలుగక పోవచ్చును. నేలను అమ్ముటలోను అదే పొరపాటున్నది. ఈ యేట అమ్మిన యెకరమును వచ్చు నేట మరల అమ్మలేము.

ముప్పదేండ్లను గూర్చి మరియొక మాట. ముందునకు చూచుట కష్టము గనుక వెనుకకు చూతము. 2023నుండి ముప్పదేండ్లు వెనుకకు పోయినచో 1993. నాడు సైబర్ టవర్సు లేవు, సైబరాబాదను మాటయే లేదు, వలయ రహదారి లేదు, తెలంగాణ రాష్ట్రము లేదు. నాడెవ్వడైన గచ్చిబౌలిమీదుగ పోవు దారికి ముప్పదేండ్ల ధర కట్టియున్నచో, వాడు ఋషియైనను సరిగా కట్టగలిగెడివాడా? ఇట్టి గుత్తలో ఎవ్వరో ఒకరు మోసపోవుట తప్పదు. ఎవ్వరనుట మాత్రమే తెలియదు. విజయవాడ రహదారి కథ గుత్తేదారునకే ఎదురుతిరిగినది. ఆ రహదారిని నాలుగు వరుసలు చేసి సుంకము తీసికొనుటకు ఒడబడిన జి.ఎమ్.ఆర్. సంస్థ, 2014లో రాష్ట్రము విభజింపబడుటచే రాకపోకలు తగ్గి నష్టపోతినని వాదించినది. వివాదము మధ్యవర్తులవద్దకును న్యాయస్థానమునకును పోయినది. తుదకు 2024 జూలైలో సుంకము వసూలుచేయు పని జాతీయ రహదారుల సంస్థచేతికి తిరిగివచ్చినది. నాడు ప్రభుత్వమునకు, నేడు గుత్తేదారునకు, రేపు మరల తారుమారు. అందుచేత ఐదేండ్లకో పదేండ్లకో ధరను సరిచూచుకొనునట్టియు, అనుకొన్నదానికంటె మించిన రాబడిలో ప్రజలకు పాలుండునట్టియు షరతులు లేని దీర్ఘపు గుత్తను తెలివిగల గృహస్థుడు తన మామిడితోటకైనను ఒప్పుకొనడు.

రోడ్డు సొమ్ము రోడ్డునకే యను నియమము మనదేశమునకు క్రొత్త గాదు. మోటారులు వచ్చి మట్టిరోడ్లను దున్నివేయుచున్న కాలమున, 1927లో, ముకుందరావు జయకరుగారి యధ్యక్షతను ఒక సంఘమును నియమించిరి. ఆ సంఘపు సలహాననుసరించి 1929 మార్చి మొదలు పెట్రోలు గాలనుకు రెండణాలు అదనముగా వసూలుచేసి, ఆ సొమ్మును రోడ్లకొరకే వేరు పెట్టెలో వేయ మొదలుపెట్టిరి. రోడ్డు నరుగదీయువాడే దానిని పోషించును. పోషణకని యిచ్చినది మరియొక దారి పట్టదు. 2000లో ఆ నిధికి చట్టపు బలము వచ్చినది. 2018లో దాని పేరునే మార్చి, రైలుమార్గములు మున్నగు నితర వసతులకును ఆ పెట్టెను తెరచిరి. అవియు మంచిపనులే, కాని పెట్టెకు తాళము సడలినది. ఇపుడు పెట్రోలే తగ్గు కాలము వచ్చుచున్నది. విద్యుత్తుతో నడచు బండ్లను ప్రోత్సహించుటకై తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో వానికి రోడ్డుపన్నును, నమోదు రుసుమును 2026 డిసెంబరు వరకు మాఫీచేసినది. గాలి శుభ్రపడవలెనను ఉద్దేశము మంచిదే. అయితే పెట్రోలు త్రాగని బండికిని చక్రములున్నవి. బ్యాటరీ బరువుచే అది తరచుగ తన పెట్రోలు తోబుట్టువుకంటె బరువైనది. పెట్రోలు సుంకము తరిగి, రోడ్డుపన్ను మాఫీయై, టోలు ముందే వ్యయమైనపుడు, 2040లో రోడ్డు ఏమి తిని బ్రతుకవలెను? ఆ నాటికి పన్ను వేయు నూతన పద్ధతిని నేడే ఆలోచించువారు కావలెను. నడచిన కిలోమీటరునకు, మోసిన బరువునకు తగినట్లు తీసికొనుట యొక మార్గము.

గుత్త ముగియునాటికి రోడ్డును నిర్ణయించిన స్థితిలో తిరిగి అప్పగింపవలెనని యిట్టి ఒప్పందములలో వ్రాసికొందురు. వ్రాత మంచిదే. కాని అద్దెకిచ్చిన యింటి సంగతి గృహస్థులకు తెలియనిది గాదు: ఖాళీచేయబోవువాడు చివరి యేట సున్నము వేయడు, కారు చూరుక్రింద గిన్నె పెట్టి కాలము గడపును. తాళపుచెవులు పుచ్చుకొను దినమున గోడలు చూచుట వ్యర్థము. కాబట్టి పరీక్ష 2053లో గాక అంతకు పదేండ్లముందే మొదలుకావలెను. పరీక్షించు ఇంజనీరు తన లెక్కను దేనితో పోల్చి చూచును? ఏ కిలోమీటరున పొర మందమెంత, నెర్రెలెన్ని, కాలువ లోతెంత, ఏ సంవత్సరమున ఏ మరమ్మతు జరిగినది, ఎంత వ్యయమైనది అను వివరములు గల పుస్తకమొకటి వానికి కావలెను. అట్టి పుస్తకము కచేరీ బీరువాలో నుండుట చాలదు. ఏటేట అచ్చువేసి, టోలుగేటు వద్దను, వలయమున కానుకొనియున్న ప్రతి గ్రామపు గ్రంథాలయమునందును ఉంచవలెను. గుత్తేదారునకు ఏటి రాబడి ఎంత, అందు రోడ్డుమీద పెట్టిన దెంత యనునది మొదటి పుటలోనే తెలుగులో నుండవలెను. సర్కారు పుచ్చుకొన్న 7,380 కోట్లు ఏ పద్దులకు పోయినవో అందులోనే రెండవ పుటలో వ్రాయవలెను. వెనుక బల్లమీది పిల్లవానికి నేను చూపవలసినది ఆ రెండవ పుట.